మెట్లూ వీధులే

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి పడమటి కొసన ఉంది పిట్స్‌బర్గ్ నగరం. అలెఘేనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా సాగే చోటు అది. నదుల వెంట సన్నటి చదును నేల, దాని వెనకే నిటారు కొండలు. ఆ కొండల మీది ఇళ్లకు నగరపాలక సంస్థ కట్టించిన మెట్లదారులు దాదాపు 800. అమెరికాలో మరే నగరంలోనూ ఇన్ని లేవని చెబుతారు. వాటిలో చాలావరకు పాతబడ్డాయి, కొన్ని మూతపడ్డాయి. వాటిని ఏం చేయాలన్నది ఆ ఊళ్లో ఎప్పుడూ నలిగే ప్రశ్న.

ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లిద్దరూ అక్కడ స్థిరపడిన బెజవాడ వాళ్లు. మామయ్య వంతెనల తనిఖీలో పనిచేసి రిటైరైన సివిల్ ఇంజనీరు. మేనకోడలు ఆసుపత్రిలో నర్సు. సౌత్‌సైడ్ స్లోప్స్ అనే కొండవాలు పేటలో అద్దెకుంటుంది, ఆమెకు కారు లేదు. ఇద్దరూ ఊహించిన మనుషులే. వాళ్ల వాదనలు మాత్రం ఊహించినవి కావు.

మామయ్య: మీ వీధి మెట్లు మూసేశారని మీ అత్తయ్య చెప్పింది. వచ్చే వారం పేట సమావేశంలో నువ్వు మాట్లాడతావట కదా. నా మాట ముందే చెబుతున్నానమ్మా. సిటీవాళ్లు చేసింది సబబే. అసలు మూసి ఊరుకోకుండా పడగొట్టాలి.

అమ్మాయి: మీరు వాటిని చూసే అంటున్నారా మామయ్యా?

మామయ్య: చూడకుండా చెప్పే అలవాటు నాకు లేదు. నిన్న పొద్దున పాత సుత్తి పట్టుకుని, కిందినుంచి అడ్డుకట్ట దాకా ఎక్కాను. గట్టి కాంక్రీటు మీద తడితే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే బోలుగా మోగుతుంది. రెండో మలుపు దగ్గర వరసగా అన్నీ బోలుగానే మోగాయి. ఒక మెట్టు అంచున అరచెయ్యంత ముక్క ఊడిపోయింది. అక్కడ ఇనపకమ్మీ బయటపడి ఉంది. గోటితో గీకితే రేకులు రేకులుగా తుప్పు రాలింది. రెయిలింగు గొట్టానికి పైన రంగు బాగానే ఉంది కానీ, కాంక్రీటులోకి దిగేచోట తినేసింది. చేత్తో ఊపితే ఊగింది. జనవరిలో ఆ గొట్టాన్ని నమ్ముకుని ఓ పెద్దావిడ దిగుతుంటే ఏమవుతుందో నర్సువి, నీకు నేను చెప్పాలా?

అమ్మాయి: చెప్పక్కర్లేదు. తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్లను రోజూ చూస్తాను. కానీ అంత పాడవడానికి కారణం ఏమిటి?

మామయ్య: నీళ్లు, ఉప్పు. మంచు కరగడానికి చలికాలమంతా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు సన్నటి పగుళ్లలోంచి దిగి కమ్మీని పడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటుని లోపల్నుంచి చీలుస్తుంది. ఆ చీలికలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి దాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తుంది. పగలు కరగడం, రాత్రి మళ్లీ గడ్డకట్టడం. ఇక్కడి చలికాలంలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో నీకు తెలుసు. పైగా వెనక కొండలోంచి ఊట. ఆ నీళ్లు పోవడానికి వేసిన తూములో మట్టి నిండి, మొక్కలు మొలిచాయి.

అమ్మాయి: అంటే ఆ తూము శుభ్రం చేసి, పగుళ్లు పూడ్చి, రెయిలింగు మొదట్లో రంగు వేస్తే చాలావరకు ఆగేది. రోగిని ఇరవై ఏళ్లు పట్టించుకోకుండా వదిలేసి, ఆఖర్న వచ్చి ఇక బతికించడం దండగ అన్నట్టుంది ఇది.

మామయ్య: పట్టించుకోవడానికి చేతిలో డబ్బుండాలి కదా. 1950లో ఈ ఊరి జనాభా 6,76,806. 2020 జనాభా లెక్కల్లో 3,02,971. సగానికి పైగా పోయింది. ఉక్కు మిల్లులు 1980లలో ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో ఆగిపోయింది. మీ పేట కింద నది ఒడ్డున జోన్స్ అండ్ లాఫ్లిన్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు దుకాణాలు, ఆఫీసులు. 2003 చివర్లో రాష్ట్రప్రభుత్వం ఈ నగరాన్ని ఆర్థికంగా చితికిపోయిన ఊరుగా ప్రకటించింది. ఆ ముద్ర 2018 దాకా పోలేదు. అప్పటి పెద్ద ఊరికి కట్టినవన్నీ ఇప్పటి చిన్న ఊరి పన్నులతో నిలబెట్టడం కుదిరే పని కాదు. ఏదో ఒకటి వదులుకోవాలి. మెట్లు వదులుకోవడం తేలిక.

అమ్మాయి: ఎవరికి తేలిక? అదే నా ప్రశ్న. మీరు మెట్లంటే అలంకారమో, షార్ట్‌కట్టో అనుకుంటున్నారు. ఈ మెట్లదారుల్లో మూడు వందలకు పైగా చట్టప్రకారం వీధులు. మొదట్లో వీధి పేరు బోర్డు ఉంటుంది. మ్యాపులో మామూలు వీధిలాగే గీత ఉంటుంది. మా పేటలో యార్డ్ వే చూడండి. అది మొత్తం మెట్లే. అటూ ఇటూ ఇళ్లున్నాయి, ఇంటి నంబర్లున్నాయి. ఇలాంటి చోట్ల పోస్ట్‌మ్యాన్ మెట్లెక్కే ఉత్తరం ఇస్తాడు, కొత్త సోఫా కొన్నా మెట్ల మీదే మోసుకెళ్లాలి. మా ఊళ్లో కొన్ని ఇళ్లకు మెట్లు తప్ప మరో దారే లేదు. వాటిని మూయడమంటే వీధిని మూయడమే.

మామయ్య: అలాంటి ఇళ్లున్న చోట నేనూ మూయమనను. కానీ మిగతావాటి మాటేమిటి? అవి కట్టింది మిల్లు పనివాళ్ల కోసం. నది ఒడ్డున చదును నేలంతా మిల్లులూ రైలు పట్టాలూ ఆక్రమించేశాయి. జర్మనీ, పోలండ్, స్లొవాకియా, లిథువేనియా నుంచి వచ్చిన కూలీలకు కొండవాలే మిగిలింది. పొద్దున దిగి డ్యూటీకి, సాయంత్రం ఎక్కి ఇంటికి. మొదట చెక్క మెట్లు వేశారు. తర్వాత కాంక్రీటు వచ్చింది. 1930ల మాంద్యంలో పనిలేనివాళ్లకు పని ఇవ్వడానికి కేంద్రప్రభుత్వం పెట్టిన పథకం కింద కొన్ని కట్టారు. మిల్లు పోయింది. మిల్లు దాకా వెళ్లే మెట్లకి ఇంక పనేముంది?

అమ్మాయి: పని మారింది, పోలేదు. మిల్లున్న చోట ఇప్పుడు బస్సు రోడ్డుంది. ఈ ఊరి పెద్ద యజమాని ఇప్పుడు ఉక్కు కంపెనీ కాదు, ఆసుపత్రుల సంస్థ. ఉక్కు కంపెనీ కట్టించిన ఎత్తయిన భవనం మీద ఇప్పుడు ఆసుపత్రుల పేరు వెలుగుతోంది. ఆ ఆసుపత్రుల్లో గదులు తుడిచేవాళ్లు, వంటశాలలో గిన్నెలు కడిగేవాళ్లు, నాలాంటి నైట్ డ్యూటీ నర్సులు ఈ కొండల మీదే ఉంటారు. ఈ ఊళ్లో దాదాపు ఐదో వంతు ఇళ్లకు కారు లేదు. వాళ్లందరూ బస్ స్టాపుకి ఎలా వెళతారు? మా వీధి మెట్లు తెరిచి ఉన్నప్పుడు బస్సుకి ఐదు నిమిషాల్లో చేరేదాన్ని. ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి, ఫుట్‌పాత్ లేని మలుపులో కార్ల పక్కన నడుచుకుంటూ వెళ్తున్నాను. తెల్లవారుజామున డ్యూటీ దిగి ఆ చీకట్లో నడవడం మెట్లకంటే ప్రమాదం. మూయడం వల్ల ప్రమాదం తగ్గలేదు మామయ్యా. సిటీ లెక్కలోంచి మా నడకలోకి మారింది.

మామయ్య: ఆ మాట కొట్టిపారేయలేను. కానీ ప్రమాదం గురించి నా భయం నీకు పూర్తిగా తెలియదు. 2022 జనవరి 28 పొద్దున ఫ్రిక్ పార్కు మీదుండే ఫెర్న్ హాలో వంతెన కూలిపోయింది. బస్సుతో సహా. పదిమంది గాయపడ్డారు. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. అది కూలినప్పుడు నాకు అనిపించింది ఒకటే. ఈ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. వాటికే డబ్బు చాలనప్పుడు, కొండ మీద పదిమంది నడిచే మెట్లకి ఖర్చు పెట్టడం తప్పు. రోజూ వేలమంది వెళ్లే వంతెన ముందు, మెట్లు తర్వాత.

అమ్మాయి: ఆ వంతెన ఎందుకు కూలిందో దర్యాప్తు నివేదిక చెప్పింది కదా. కింది కాళ్లు తుప్పుపట్టి కూలింది. నీళ్లు పోయే దారులు చెత్తతో మూసుకుపోయి, ఆ నీరు ఇనుము మీదే నిలిచింది. బాగుచేయమని తనిఖీ చేసినవాళ్లు ఏటా రాస్తూనే ఉన్నారు, చేయాల్సినవాళ్లు చేయలేదు. అది మీ రంగం, నాకంటే మీకే బాగా తెలుసు. వేలమంది వెళ్లే వంతెనకీ పదిమంది నడిచే మెట్లకీ జబ్బు ఒకటే. తూము శుభ్రం చేయకపోవడం. మెట్ల డబ్బు మిగిల్చినందువల్ల ఆ వంతెనేమీ నిలవలేదు. ఏటా చేసే చిన్న పనిని చిన్నచూపు చూసే అలవాటు రెంటినీ తినేసింది.

మామయ్య: నివేదిక చదివాను. రాసిందే మళ్లీ మళ్లీ రాసి, పై అధికారికి పంపి, బదులు రాక కూర్చోవడం ఎంత బాధో నాకు తెలుసు. నువ్వన్నది నిజం. చిన్న పనికి ఎవరూ రిబ్బను కత్తిరించరు, అందుకే దానికి బడ్జెట్టు దొరకదు. అయినా ఒకటి చెప్పు. మెట్లంటే ఇంత ప్రేమగా మాట్లాడేవాళ్లలో ఎంతమంది నీలాగా బస్సుకోసం నడిచేవాళ్లు? శనాదివారాలు కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ఫైన్‌వ్యూ పేటలో రైజింగ్ మెయిన్ వే ఎక్కి, 370కి పైగా మెట్లెక్కానని ఫోటో పెట్టుకుని వెళ్లిపోతారు. వాళ్ల సరదా కోసం పన్నుల డబ్బు ఖర్చు పెట్టాలా?

అమ్మాయి: నడిచి చూసేవాళ్లను తేలిగ్గా తీసేయకండి. బాబ్ రీగన్ అనే ఆయన ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఊరంతా తిరిగి మెట్లదారులన్నీ లెక్కపెట్టారు. 2004లో పుస్తకం వేసేనాటికి ఆయన లెక్క 712 దారులు, దాదాపు 45 వేల మెట్లు. మీ వంతెనల్ని కూడా ఆయనే లెక్కపెట్టారు. ఆ లెక్క 446. ఊరికి తన దగ్గర ఏముందో తెలియకపోతే దేన్ని కాపాడాలో ఎలా తెలుస్తుంది? 2017లో సిటీ తనంతట తాను మెట్లకోసం ఒక ప్రణాళిక తయారుచేసింది. చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారు, బస్సుకీ బడికీ ఏ మెట్లు ఎంత అవసరం అని చూసి, ఏవి ముందు బాగుచేయాలో వరస పెట్టింది. జనం తిరిగి చూసి, రాసి, మాట్లాడి ఉండకపోతే ఆ ప్రణాళిక పుట్టేది కాదు.

మామయ్య: లెక్క మంచిదే. కానీ సరదాగా చూసేవాళ్ల కంటికి అందమైనవే ఆనుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 16వ అవెన్యూ మెట్లు చూశావుగా. 2005లో 163 మెట్లకీ మొజాయిక్ పలకలు అతికించారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి చూస్తారు. మీ పేటలో ఓక్లీ వే మెట్లకి కూడా మొజాయిక్ చేశారు. బాగుంది, కాదనను. కానీ చందాలు ఎక్కడ వసూలవుతాయి? ఇళ్ల ధరలు పెరిగే చోట, పైనుంచి ఊరు అందంగా కనబడే చోట. చెత్త పేరుకుని, లైటు లేక, కింద బస్ స్టాపు తప్ప ఏ దృశ్యమూ కనబడని మెట్లకి ఎవరు పలకలు అతికిస్తారు? చివరికి కాపాడటమనే మాటకి అర్థం కలిగినవాళ్ల పేటల్లో మెట్లు మెరవడం, పేదవాళ్ల పేటల్లో కూలిపోవడం అవుతుంది.

అమ్మాయి: ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అందుకే చందాల మీద వదిలేయకూడదంటాను. రోడ్డుకి గుంత పడితే ఆ వీధివాళ్లు చందా వేసుకోరు కదా. అయితే నడిచేవాళ్ల వల్ల ఒక మేలు కూడా జరిగింది. మా పేటవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఏటా అక్టోబరులో స్టెప్‌ట్రెక్ నడక పెడుతున్నారు. బయటివాళ్లు వస్తారు, మెట్లెక్కుతారు, ఏ మెట్టు విరిగిందో చూస్తారు. దాని ముందు వారాల్లో పేటవాళ్లే చెట్లు నరికి, తుప్పలు పీకి దారి చేస్తారు. అక్కడ ఏపుగా పెరిగే జపాన్ నాట్‌వీడ్ అనే కలుపు మొక్క ఒక్క వేసవిలో మెట్లని కప్పేస్తుంది. ఏడాదికోసారైనా మనుషులు నడిచే దారిని అడవి మింగలేదు, అధికారి మరిచిపోలేడు.

మామయ్య: ఏడాదికోసారి నడవడానికీ ఏడాదంతా నిలబెట్టడానికీ తేడా ఉంది. ఇంకో పెద్ద అభ్యంతరం చెబుతాను. నాకు మోకాళ్ల నొప్పి. నిన్న నలభై మెట్లెక్కేసరికి కూర్చోవాల్సి వచ్చింది. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి మెట్లు గోడతో సమానం. వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. కొత్తగా ఖర్చుపెట్టే ప్రతి డాలరూ అందరికీ పనికొచ్చేదానికి పెట్టాలన్నది దాని ఆత్మ. కొందరే వాడగలిగే దారి మీద అందరి డబ్బు ఎందుకు?

అమ్మాయి: మీరు చెప్పినవాటిలో నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఇదే. మెట్ల బదులు వాలుదారి వేయలేమా?

మామయ్య: వేయలేం. నియమం ప్రకారం ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలి. వంద అడుగుల ఎత్తుకి పన్నెండు వందల అడుగులు. మధ్య మధ్య ఆగడానికి చదును జాగా వదలాలి. మీ కొండవాలు మీద అది పాములా మెలికలు తిరిగి ఇళ్లన్నిటినీ తినేస్తుంది.

అమ్మాయి: అయితే మెట్లు తీసేసినంత మాత్రాన వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి ఏం ఒరుగుతుంది? వాళ్లకి కావలసింది కొండపైకి వచ్చే బస్సు, ఇంటిముందుకి వచ్చే వ్యాను. ఆ డబ్బు అడగడానికి నేను ముందుంటాను. కానీ మెట్లు మూసి మిగిల్చిన డబ్బు ఆ వ్యానుకి పోయిందని ఎవరైనా చూపించారా? మీలాంటి మోకాళ్లున్నవాళ్లకి మెట్ల మీదే చాలా చేయొచ్చు. రెండు వైపులా గట్టి రెయిలింగు, మెట్టు అంచుకి కనబడే గీత, మలుపులో బెంచీ, వెలిగే లైటు. ఇక్కడి ఓక్లాండ్ పేటలో జాన్‌కేర్ మెట్లు మళ్లీ కట్టినప్పుడు పక్కన సైకిలు చక్రం దొర్లించుకుపోయే గాడి పెట్టారు. మళ్లీ కట్టేటప్పుడు ముందుకంటే ఎక్కువమందికి పనికొచ్చేలా కట్టడం కాపాడటంలో భాగమే. పాత కాంక్రీటే ఉంచాలని నేను పట్టుబట్టను.

మామయ్య: సరే. మరి కొండ మాటేమిటి? 2018లో ఇక్కడ రికార్డు వాన. ఎన్ని చోట్ల కొండచరియలు జారాయో గుర్తుందా? ఆ ఏప్రిల్లో 30వ నంబరు హైవే ఒక ముక్క జారి కిందున్న ఇళ్ల మీద పడింది. మన బెజవాడ సంగతి చూడు. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద మెట్లు వేసుకుంటూ పైపైకి ఇళ్లు కట్టుకుంటూ పోయారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో రాళ్లు దొర్లి ఇళ్ల మీద పడితే ప్రాణాలు పోయాయి. నిలవని కొండ మీదికి మెట్లు వేయడమంటే జనాన్ని ప్రమాదంలోకి పిలవడం. ఈ ఊరు కుంచించుకుపోయింది కాబట్టి, నిటారు వాలుల్ని మెల్లగా ఖాళీ చేసి చెట్లకి వదిలేయడమే తెలివైన పని.

అమ్మాయి: బెజవాడ కొండ మీదికి జనాన్ని మెట్లు పిలవలేదు మామయ్యా. కింద స్థలం కొనలేక వాళ్లే ఎక్కారు, మెట్లు వాళ్ల వెనకాల వచ్చాయి. అక్కడ గ్యాస్ బండ భుజం మీద పెట్టుకుని ఎక్కేవాడికి, పురుడుకి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అమ్మాయికి ఆ మెట్లే రోడ్డు. రాయి దొర్లే చోట ఇళ్లుండకూడదన్నది నిజమే. అయితే ఆ మాట ఆ ఇంటివాళ్లతో సూటిగా చెప్పాలి. కింద ఇల్లు చూపించాలి, గడువివ్వాలి. ఏమీ చెప్పకుండా మెట్లు పాడవనిచ్చి, లైటు తీసేసి, వాళ్లంతట వాళ్లే విసిగి వెళ్లిపోయేదాకా చూడటం ఖాళీ చేయించడమే. నోటీసు లేకుండా ఖాళీ చేయించడం.

మామయ్య: ఆ మాట ఒప్పుకుంటాను. ఇల్లు ఖాళీ చేయమని చెప్పే ధైర్యం లేక దారి మూయడం సర్కారు చేయదగ్గ పని కాదు.

అమ్మాయి: జనం పట్టుబడితే ఏం జరుగుతుందో ఈ ఊళ్లోనే కళ్లముందు ఉంది. ఒకప్పుడు కొండ పక్కన పట్టాల మీద తాడుతో లాగే ఇంక్లైన్ బళ్లు ఇక్కడ పదికి పైగా ఉండేవి. ఇప్పుడు రెండే మిగిలాయి. 1870 నాటి మొనాంగహేలా, 1877 నాటి డ్యూకేన్. డ్యూకేన్ ఇంక్లైన్ 1962లో ఆగిపోయింది. కొండమీది పేటవాళ్లు డబ్బు పోగుచేసి, మరుసటి ఏడాది తిరిగి నడిపించారు. ఆ రోజు కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు, మిల్లుల కాలం అయిపోయింది, కార్లొచ్చాయి, ఇదెందుకని. ఇప్పుడు అది లేని పిట్స్‌బర్గ్‌ని ఊహించగలమా?

మామయ్య: దానికి టిక్కెట్టు ఉంది, రాబడి ఉంది. మెట్లెక్కేవాడు టిక్కెట్టు కొనడు. అయినా నీ మాటలో సారం ఉంది. ఇక నా మాట పూర్తిగా విను. అన్నీ కాపాడాలి, అన్నీ తీసేయాలి అనే రెండు మాటలూ వదిలేద్దాం. నా అనుభవంతో మూడు వరసలు పెడతాను. ఒకటి, వేరే దారి లేని గుమ్మాలున్నవి, బస్సుకో బడికో నేరుగా చేర్చేవి. వీటిని రోడ్డుతో సమానంగా చూసి, కాలం తీరితే మళ్లీ కట్టాలి. రెండు, దగ్గరదారిగా పనికొచ్చేవి కానీ చుట్టు తిరిగితే మంచి ఫుట్‌పాత్ ఉన్నవి. వీటికి తూము, రెయిలింగు, లైటు చూసుకుంటూ ఉన్నన్నాళ్లు నడిపించాలి. మూడు, పైన ఇళ్లే లేనివి, కింద మిల్లు గేటు దగ్గర ఆగిపోయేవి, అడవిలో కలిసినవి. వీటిని తీసేసి, వీధిని రద్దుచేసి, నేల పక్కింటివాళ్లకి ఇచ్చేయాలి. కనీసం పన్నైనా వస్తుంది.

అమ్మాయి: మొదటి రెండూ నాకు సమ్మతమే. మూడో వరసలో సగమే ఒప్పుకుంటాను. కాంక్రీటు ప్రమాదమైతే తీసేయండి. వీధిని మాత్రం రద్దుచేయొద్దు. ఒకసారి ఆ నేల పక్కింటివాడి కంచెలోకి పోతే, మళ్లీ దారి కావాలన్నప్పుడు కొనుక్కోవాలి. ఎవరూ కొనరు. 1950లో ఈ ఊరు సగమైపోతుందని ఎవరైనా అనుకున్నారా? రేపు మళ్లీ పెరగదని మనం మాత్రం ఎలా చెప్పగలం? మ్యాపులో గీత ఉంచడానికి ఖర్చేమీ కాదు. దారి హక్కు నిలబడితే, కావలసిన తరం మెట్లు కట్టుకుంటుంది.

మామయ్య: ఎవరైనా ఆ నేల మీద జారిపడి సిటీ మీద దావా వేస్తే?

అమ్మాయి: మెట్లు తీసేసి, నేల సరిచేసి, మొక్కలు నాటిన వాలు మీద ప్రమాదం, సగం విరిగిన మెట్లు అడ్డుకట్ట వెనక అలాగే పడి ఉన్నచోటి ప్రమాదం కంటే తక్కువే కదా. అడ్డుకట్ట దాటి ఎక్కేవాళ్లను రోజూ చూస్తున్నాను. బస్సు తప్పిపోతుందంటే జనం దూకుతారు.

మామయ్య: అదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం. నిన్న ఆ అడ్డుకట్ట దగ్గర నిలబడి చూశాను. మూశామని రాశారు, ఎందుకో రాయలేదు, ఎప్పటిదాకానో రాయలేదు. తెరవాలంటే తెరవండి, పడగొట్టాలంటే పడగొట్టండి. రెంటిలో ఏదీ తేల్చకుండా అడ్డం కట్టి వెళ్లిపోవడం మా వంతెన రిపోర్టులు బీరువాలో పెట్టడం లాంటిదే. ఫెర్న్ హాలో మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదు. బాగుచేసినా కూలేది కాదు, మూసేసినా బస్సు దాని మీదికి వెళ్లేది కాదు.

అమ్మాయి: అయితే సమావేశంలో మనిద్దరం కలిసి అడగగలిగేది ఒకటుంది. మూసిన ప్రతి మెట్లదారి దగ్గరా బోర్డు మీద మూడు విషయాలు ఉండాలి. ఏ లోపం వల్ల మూశారు, ఏ రోజు మూశారు, ఏ తేదీలోగా తేలుస్తారు. ఆ తేదీకి ముందు ఆ వీధివాళ్లను పిలిచి వినాలి. డబ్బు లేకపోతే లేదని ఆ సభలోనే చెప్పాలి.

మామయ్య: దానికి నా సంతకం పెడతాను. ఇంకొకటి కలుపు. ఏటా ఒకసారి తూముల శుభ్రానికీ రెయిలింగుల మొదళ్లకీ విడిగా బడ్జెట్టు. కొత్త మెట్ల డబ్బులోంచి అది తీయకూడదు. కానీ నీ వీధి మెట్లు నా మొదటి వరసలోకి వస్తాయని నేనింకా ఒప్పుకోలేదు. లెక్క కావాలి. రోజుకెంతమంది నడుస్తారో చూపించు.

అమ్మాయి: మూసిన దారి మీద నడిచేవాళ్లను ఎలా లెక్కపెడతారు మామయ్యా? మూసేసి, ఎవరూ నడవడం లేదు కాబట్టి అవసరం లేదని రాయడమే ఇన్నాళ్లూ జరుగుతున్న అన్యాయం. లెక్కపెట్టాల్సింది పైనున్న గుమ్మాల్ని, కారు లేని ఇళ్లని, కింద బస్ స్టాపులో ఎక్కేవాళ్లని, చుట్టుదారిలో ఫుట్‌పాత్ లేని మలుపుని. ఈ లెక్క మీరే వేయండి. ఇంజనీరుగా మీరు వేసిన లెక్కని నేను కాదనను.

మామయ్య: ఇది న్యాయమైన లెక్క. వేస్తాను. ఆ లెక్కలో నెగ్గితే కొత్త మెట్ల డ్రాయింగు మీద ప్రతి కమ్మీ నేనే చూస్తాను. నెగ్గకపోతే పడగొట్టడానికి నువ్వు అడ్డుపడకూడదు.

అమ్మాయి: కాంక్రీటు పడగొట్టడానికి అడ్డుపడను. వీధిని మ్యాపులోంచి తీసేయడానికి మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను. అది మా అందరిదీ. ఆ మెట్లు కట్టినవాళ్లు మాకు ఇచ్చింది ఆ దారి హక్కే. మా తర్వాత వచ్చేవాళ్లకి దాన్ని అలాగే అప్పజెప్పే బాధ్యత మా మీద ఉంది.